తాయారమ్మ సంతకమున్న ప్లేటు

నేనొక గ్రామఫోను ప్లేటుని. పాడటానికి పుట్టాను. జనం మాత్రం నన్ను చదవడానికే వస్తారు.

నా ఒళ్లు లక్క, రాతిపొడి, మసి. అదే లక్క గాజులవాళ్ల చేతిలో పడుంటే ఏ పెళ్లికూతురి మణికట్టు మీదో నాలుగు రోజులు మెరిసి, చిట్లి, సుఖంగా పోయేదాన్ని. నా రాత మద్రాసులో పడింది. పువ్వాడ తాయారమ్మ పాడిన కృష్ణుడి పద్యాన్ని గీతలు గీతలుగా నా మీద ఒత్తారు. నడుమ ఎర్ర కాగితం అతికించి ఆవిడ పేరు అచ్చేశారు. తాయారమ్మ ఆడమనిషే గానీ, నీలం రంగు పూసుకుని కృష్ణుడి వేషం కట్టిందంటే మగ నటులు పక్కకి తప్పుకోవలసిందే. రాగం ముగియకముందే జనం ‘వన్స్‌మోర్’ అని గోల పెట్టేవాళ్లట.

మొదట మా ఊరి కరణంగారి ఇంటికి వచ్చాను. ఇంటికొచ్చిన చుట్టాలందరికీ నన్ను వినిపించి, వాళ్లు బాగుందంటే తానే పాడినట్టు మీసం దువ్వుకునేవాడాయన. గ్రామఫోను స్ప్రింగు విరిగింది, రేడియో వచ్చింది. నన్ను పేరయ్య చేతిలో పెట్టేశాడు.

పేరయ్య పెట్రోమాక్సు లైట్లు అద్దెకిచ్చేవాడు. పెళ్లైనా నాటకమైనా వెలుతురు ఆయనదే. తాయారమ్మ మా ఊళ్లో నాటకమాడి, తెల్లవారి బండెక్కి కూర్చున్న సమయంలో నన్ను తువ్వాల్లో చుట్టుకుని వెళ్లాడు.

“అమ్మా, తమరు నా లైటు కింద పాడారు. దీని మీద ఒక్క సంతకం పెట్టండమ్మా.”

“ఆ లైటు నీదేనా? రాత్రంతా పురుగులు నోట్లో పడ్డాయయ్యా!” అని నవ్వి, నన్ను మోకాలి మీద పెట్టుకుని ఆవిడ ఎర్ర కాగితం మీద రాసింది. రాస్తుండగా ఎద్దు కదిలింది. గీత వంకరపోయింది. చేతి రంగు ఇంకా కడుక్కోలేదేమో, బొటనవేలు ఆనిన చోట నీలం మరక పడింది. ఆ సంతకానికి సాక్షులు ఇద్దరు. పేరయ్య, ఎద్దు.

ఆ బండి పక్కనే చాప మీద హార్మోనిస్టు సాంబమూర్తి కూర్చుని, తలెత్తకుండా, డేరా దగ్గర అమ్మే ఫొటోల మీద తాయారమ్మ సంతకాలు తానే గీకి పడేస్తున్నాడు. ఆవిడకి పాడటానికే తీరిక లేదు మరి. ఈ సంగతి గుర్తుంచుకోండి. నా గోలంతా దీంతోనే.

ఆ రోజు నుంచి పేరయ్య నన్ను పాడనివ్వలేదు. “పిన్ను జారితే సంతకం చెరిగిపోద్ది” అనేవాడు. గుడ్డలో చుట్టి, కలరా ఉండలేసి, రేకుపెట్టెలో పెట్టాడు. పాటగత్తె చేయి పడ్డందుకు పాట మూగబోయింది. ఇదెక్కడి మర్యాదో నాకు అర్థం కాదు. పండక్కి పండక్కి తీసేవాడు. “రాతని తాకమాకండి, చూసి ఇచ్చెయ్యండి!”

ఎదురింటి పానకాలు మాత్రం వదిలేవాడు కాదు. “తాయారమ్మ లైట్లోడికి సంతకం పెట్టిందా? నువ్వే గీక్కున్నావులే, పేరయ్యా!” పేరయ్య నన్ను మళ్లీ గుడ్డలో చుట్టేవాడు. పోయేముందు కొడుకు శివన్నారాయణని పిలిచి, “అది అబద్ధం కాదురా” అన్నాడు.

శివన్నారాయణది మైకుసెట్టు వ్యాపారం. తండ్రి వెలుతురిచ్చాడు, కొడుకు చప్పుడిస్తాడు. ఈమధ్య పట్నంలో నాటకాల వాళ్ల కోసం ఒక హాలు కట్టి, నన్ను అద్దాలపెట్టెలో పెట్టి, కింద ‘పేరయ్యగారి కానుక’ అని రాయిస్తామన్నారు. ఆ పేరు పడితే చాలు, మా నాన్న మాట నిలబడుతుందని శివన్నారాయణ పొంగిపోయాడు. సంతకం అసలుదో కాదో తేల్చడానికి వాళ్లు చక్రధర్ అనే నిపుణుణ్ణి పంపారు.

ఆయన భూతద్దం తీశాడు. నీలి లైటు వేశాడు. నన్ను ముక్కు దగ్గర పెట్టుకుని వాసన కూడా చూశాడు. చివరికి ఫోనులో, సంతకాలున్న పాత నాటకాల ఫొటోలు మూడు చూపించాడు.

“ఇవి ఆవిడ సంతకాలండీ. మూడూ అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉన్నాయి చూడండి. మీది వంకర. పైగా ఈ నీలం మరకొకటి, ఇంకు ఒలికినట్టుంది. సారీ అండీ, ఇది ఆవిడది కాదు.”

ఓరి నాయనా! మూడూ ఒకేలా ఉంటే అనుమానం రావద్దూ? బతికున్న చేయి రెండుసార్లు ఒకేలా రాస్తుందా? సాంబమూర్తి గీతని కొలబద్ద చేసి తాయారమ్మని కొలుస్తాడేమిటి ఈ మహానుభావుడు! అరుద్దామంటే పిన్ను లేదు. ఒంటినిండా ఆవిడ గొంతు పెట్టుకుని కూర్చున్నాను, ఒక్కసారి వినిపించండని ఆయన అడిగితేనా!

“మా నాన్న ఎదురుగుండానే పెట్టిందండీ” అన్నాడు శివన్నారాయణ.

“అందరూ అలాగే చెప్తారండీ” అని ఆయన కాఫీ తాగి కారెక్కాడు.

ఎదురరుగు మీంచి పానకాలు కేకేశాడు. “ఏం శివుడూ, తేలిందా? నేనప్పుడే చెప్పలా!”

శివన్నారాయణ నన్ను మంచం మీదికి విసిరేశాడు. పగల్లేదు, అదృష్టం. “మా నాన్నే గీకాడంటావా అమ్మా?”

రత్తమ్మ చింతపండు గింజలు తీస్తోంది. తలెత్తలేదు. “మీ నాన్న అబద్ధాలాడతాడురా. పొలం అమ్మి అమ్మలేదన్నాడు. చుట్ట మానేశానని చచ్చేదాకా అన్నాడు. ఆడితే ఆ సైజువి ఆడతాడు. ఇంత చిన్నదానికి ఆడడు. అయినా దొంగదని తేలిందిగా, ఇంక అరిగితే ఏం పోయింది? చంకలో పిల్లాడితో నేను ఆ నాటకానికే పోలేకపోయా. ఆవిడ ఎట్టా పాడిద్దో ఇవాళైనా విననీ. పెట్టు!”

మైకుసెట్టుతో కొన్న పాత ప్లేయరు అటక మీద ఉంది. దించాడు, దుమ్ము దులిపాడు. అలవాటు కొద్దీ డాబా మీది హారను తీగ తగిలించాడు. పిన్ను ఆనింది. ముందు గరగరమన్నాను. తర్వాత తాయారమ్మ వచ్చింది.

రత్తమ్మ చేతులు ఆగిపోయాయి. శివన్నారాయణ సౌండు తగ్గిద్దామని చెయ్యి పెట్టి, తగ్గించకుండానే నిలబడ్డాడు. రాగం ఇళ్ల మీదుగా పోయి పోయి ఆగింది.

ఎదురరుగు మీంచి బొంగురు గొంతు లేచింది. “వన్స్‌మోర్!”

శివన్నారాయణ గడపలోకొచ్చాడు. “ఏం బాబాయ్, దొంగదిగా?”

“ముందు పిన్నెయ్యరా!” అన్నాడు పానకాలు. రెండోసారీ విన్నాడు. కండువాతో కళ్లద్దాలు తుడుచుకుంటూ, తనలో తాను అనుకున్నట్టు అన్నాడు. “ఈ గొంతు విన్నోడు దీని మీద దొంగరాత గియ్యడురా. పేరయ్య అసలే గియ్యడు.”

శివన్నారాయణ నన్ను ఎత్తి, లుంగీ అంచుతో మెల్లగా తుడిచాడు.

ఈ ముక్క అనడానికి పానకాలుకి ముసలితనం దాకా పట్టింది. భూతద్దం మాత్రం అక్కర్లేకపోయింది.

హాలు వాళ్లు అద్దాలపెట్టెలో సాంబమూర్తి సంతకాలు గీకిన ఫొటోలు మూడూ పెట్టుకున్నారట. దండం పెట్టుకోనివ్వండి. నేనిప్పుడు రోజూ తిరుగుతున్నాను. తీసి పెట్టే చేతుల కింద ఎర్ర కాగితం పీచులేస్తోంది, వంకర గీత వెలిసిపోతోంది. నీలం వేలిమరక ఇంకా ఉంది. అదీ పోతుంది, నేనూ ఒకనాటికి పగులుతాను. పగిలేదాకా పాడతాను.

సంతకం సంగతి, ఇంకు సంగతి ఇంక నన్నడక్కండి.