పుల్ల విరవని వనం

సిద్దమ్మ నోటి దురుసు సిర్గాపూర్ మండలంలో సగం మందికి తెలుసు. ఆ రోజు మాత్రం ఆమె నోట దురుసు లేదు, గొప్ప ఉంది. గొప్పకు పోతే తిప్పలు తప్పవని పెద్దలు ఊరికే అనలేదు.

గుట్ట మీది పోచమ్మ వనాన్ని వారసత్వ వనాల జాబితాలో చేర్చాలని నలుగురు ఆఫీసర్లు వచ్చారు. చెట్ల పేర్లు రాసుకున్నారు, కొలతలు తీసుకున్నారు. వనం బాగోగులు ఏ ఇంటివాళ్లు చూస్తారని అడిగితే ఊరంతా సిద్దమ్మను ముందుకు తోసింది. నాలుగు తరాలుగా అది వాళ్లింటి పని.

“మా పోచమ్మ వనంల పుల్ల గూడ ఇరవం సారూ. గడ్డిపోస ముట్టం. ముడితే తల్లి ఊకుంటదా?” అంది సిద్దమ్మ. పెద్దలంతా తలలూపారు.

అది ఆ ఊళ్లో కొత్తవాళ్లకు చెప్పే మాట. జరిగేది వేరు. దీపావళి వెళ్లిన మంగళవారం సిద్దమ్మ ఇంటి కొడవలి మొదట పడుతుంది. వెనకే ఊరంతా దిగి గడ్డిని మొదలంటా కోస్తుంది. వనం చుట్టూ నాలుగు బారల నేలను చెక్కి బోడి చేస్తారు. తర్వాత పశువులను తోలుతారు. ఎండాకాలంలో కింది చేలల్లో చెరుకు ఆకు తగలబెట్టినప్పుడు నిప్పు గుట్ట ఎక్కకుండా ఆపేది ఆ బోడినేలే. ఇంత చాకిరీ చేసి కూడా పైకి చెప్పరు. వనాన్ని కాపాడేది తల్లి. మేం కాపాడుతున్నామంటే కళ్లు పోతాయని వాళ్ల భయం.

పెద్దాఫీసరుకు ఆ భయం సంగతేం తెలుసు? విన్నది విన్నట్టు రాసుకున్నాడు. మూడు నెలలకు బోర్డు లేచింది. గడ్డి కోయరాదు, పశువులను మేపరాదు. ఊరివాళ్లు దాని పక్కన నిలబడి ఫొటోలు దిగారు. సిద్దమ్మ కొత్త చీర కట్టుకుని మరీ దిగింది.

దీపావళి వెళ్లాక కొడవళ్లతో పోతే కొత్తగా వేసిన గార్డు అడ్డం నిలబడ్డాడు. సిద్దమ్మ తన మరిది కొడుకు సంగమేశ్‌ను వెంటబెట్టుకుని ఆటోలో నారాయణఖేడ్ ఆఫీసుకు పోయింది. లోపల మరో అరడజను మంది కూర్చుని ఉన్నారు.

“మీరు చెప్పిందే బోర్డు మీద రాయించామమ్మా. ఇప్పుడు కోస్తామంటున్నారు. అప్పుడు చెప్పింది అబద్ధమా?” అని అడిగాడు పెద్దాఫీసరు. ఎగతాళికి కాదు, తెలుసుకుందామనే అడిగాడు. అవునంటే ఆ పూటే కాగితం మార్చేవాడేమో. సంగమేశ్ మోచేత్తో పొడిచాడు.

“నేనెందుకు అబద్ధమాడ్త సారూ? తల్లి పేరు మీద అబద్ధమాడే ఇల్లు గాదు మాది,” అంది సిద్దమ్మ.

బయటికొచ్చాక సంగమేశ్ తల పట్టుకున్నాడు. “ఒక్క మాట జెప్తే అయిపోతుండె గద పెద్దమ్మా.”

“తల్లి జేసే పని మనం జేస్తున్నమని జెప్పుమంటవారా?”

అందులో నిజం సగమే. కుర్చీల్లో కూర్చున్న అంతమంది ముందు అబద్ధాలకోరు అనిపించుకోవడానికి ఆమెకు మనసొప్పలేదు. మిగతా సగం అదీ.

రెండేళ్లకు గడ్డి నడుము దాకా పెరిగి ఎండింది. హోలీ వెళ్లిన వారానికి ఎవరో ఎప్పటిలాగే చెరుకు ఆకుకు నిప్పు పెట్టారు. గాలి గుట్ట వైపు తిరిగింది. ఊరు బిందెలతో పరిగెత్తింది గానీ బిందెలతో ఎంతని పోస్తారు? మధ్యాహ్నం మొదలై పొద్దుగూకే సరికి తునికి, రేల, నల్లమద్ది అన్నీ బొగ్గయ్యాయి. సిద్దమ్మ నేల మీద కూలబడి తన నోటిని తానే తిట్టుకుంది.

మూడో రోజు పెద్దాఫీసరు వచ్చాడు. ఈసారి సిద్దమ్మ ఏదీ దాచలేదు. కొడవళ్లు, పశువులు, బోడినేల, అన్నీ చెప్పింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే. ఆయన ఓపిగ్గా విని, రాసుకుని, చదివి వినిపించాడు: “గ్రామస్తులు ఏటా వనంలో గడ్డి కోసేవారని, పశువులను మేపేవారని సంరక్షకురాలు స్వయంగా ఒప్పుకుంది. మనుషుల జోక్యం పూర్తిగా ఆపాలి. ఐదేళ్లు ఎవరినీ రానివ్వరాదు.”

“గట్ల గాదు సారూ. కొయ్యకనే కాలింది.”

“అది మీ అభిప్రాయమమ్మా. మేం జరిగినవే రాస్తాం.”

వానలు పడేలోపే గుట్ట చుట్టూ ఇనుప కంచె వేశారు. వానలకు మోడుల మధ్య గడ్డి మళ్లీ లేచింది, మునుపటికన్నా ఒత్తుగా. ఒక సాయంత్రం సిద్దమ్మ ఆవును తోలుకుని అటుగా వస్తుంటే అది కంచె తీగల మధ్య మెడ దూర్చి మేయడం మొదలుపెట్టింది. అందినంత మేర నేలంటా మేసింది. సిద్దమ్మ దాన్ని ఆపలేదు. కళ్లారా చూసింది.

అంతలో గార్డు బండి చప్పుడు వినిపించింది. సిద్దమ్మ కట్టె ఎత్తి ఆవు మూతి మీద బలంగా కొట్టింది. నోట్లోని గడ్డితోనే అది వెనక్కి జరిగింది. సిద్దమ్మకు ఏడుపాగలేదు. వనానికి చేయాల్సిన పని చేసింది ఊళ్లో అదొక్కటే.