దానయ్యమ్మ రెండో దవడ

ముందుగా ఒక మనవి. నాకు ఒత్తులు తప్పుతాయి. ఒక పేజీ రాయడానికి ఒక పూట పడుతుంది. తప్పులు నావి, కథ మాత్రం మా గూట్లో ఉన్నదానిది. అదే చెబుతోంది, వినండి.

నేను ఒక దవడను. ఎముకను కాదు, తెల్ల ప్లాస్టిక్‌ను. మీ దవడలు తల్లి కడుపులో తయారవుతాయి, నేను విశాఖపట్నంలో ఒక ఆసుపత్రి కంప్యూటరులో పుట్టాను. నాకు మూలం దానయ్యమ్మ దవడ. భర్త సముద్రంలో పోయాక చేపలమ్మి బతికిన మనిషి ఆమె. వీధి మొదట్లో కేక వేస్తే చివరింట్లో పిల్లి లేచేది. ఒకనాడు షేర్ ఆటో బోల్తాపడింది. ఒళ్ళో పెట్టుకున్న సిల్వరు తట్ట అంచు తగిలి ఆమె ఎడమ దవడ ముక్కలైంది.

ఆసుపత్రిలో స్కాన్ తీశారు. రెహానా అనే ఇంజనీరు ఆ ముక్కలను తెర మీద పరిచి, పగిలిన కుండ పెంకుల్లా ఒకదానికొకటి ఆనించింది. కలవని చోట, బాగున్న కుడివైపును అద్దంలోలా తిప్పి ఎడమకు అమర్చింది. ఆ బొమ్మ ఒక యంత్రంలోకి వెళ్ళింది. పొర మీద పొర పడుతూ, చివరి పొరతో నేను నిలబడ్డాను. అబ్బ, ఎంత గర్వమో. మనిషిని కొయ్యకముందే లోపల ఎలా ఉండాలో చెప్పేదాన్ని నేనే.

డాక్టర్ వసుంధర నన్ను మంచం దగ్గరికి తెచ్చింది. దానయ్యమ్మ ఆడపడుచు నూకరత్నం నన్ను చూసి గోడకు అతుక్కుంది.

"ఓలమ్మ, బతికున్న మడిసి ఎముక బయటికెలగొచ్చింది డాట్రమ్మా?"

"ఇది నమూనా అమ్మా. లోపల బిగించే రేకును ముందే దీని మీద వంచుకుంటాం."

దానయ్యమ్మ వాచిన నోటితో గొణిగింది. "అందం అక్కర్లేదు తల్లీ. కేకొస్తాదా?"

డాక్టరు మూడు వేళ్ళు చేర్చి చూపించింది. "ఇవి నీ పళ్ళ మధ్య నిలువుగా పట్టాలి. అప్పుడొస్తుంది."

టైటానియం రేకును నా చెంప మీద వంచారు. రేకు ఆమె లోపలికి వెళ్ళింది, నేను బయట మిగిలాను. దారి చూపినవాణ్ణి గుమ్మంలో వదిలేయడం మనుషులకు అలవాటే. కానీ దానయ్యమ్మ నన్ను చీరకొంగులో చుట్టి ఇంటికి తెచ్చుకుని గూట్లో పెట్టింది.

ఆమె పళ్ళకు తీగలు బిగించి నోరు కట్టేశారు. తట్ట నూకరత్నం ఎత్తుకుంది. ఆమెది దోమ గొంతు. చేపలు సగం తిరిగొచ్చేవి. ఇంట్లో దానయ్యమ్మ ఉప్పుకు సైగ చేస్తే చీపురు వచ్చేది. విసిగిపోయి, ఐదో తరగతి చదివిన నూకరత్నం ముందు పలక పెట్టింది.

"అన్నియ్య ఉన్నప్పుడు నేర్పుతానంటే ఒక్కచ్చరం ముట్టుకోనేదు. నోరు కట్టీసినాక సదువేటి వొదినా?"

అంటూనే నేర్పింది. దానయ్యమ్మ సొంతంగా రాసిన మొదటి మాట 'చుట్ట'. డాక్టరు వద్దందని నూకరత్నం చెరిపేసింది. రెండోసారి రాసింది: 'గట్టిగా అరువు'.

తీగలు తీసిన రోజున పళ్ళ మధ్య ఒక్క వేలే పట్టింది. ఇంటికొచ్చి దానయ్యమ్మ నావైపు చూసిన చూపు మరిచిపోలేను. నా కొలతే తప్పిందా? అద్దంలో తిప్పిన ఎడమవైపు అబద్ధమైందా? కండరాలు బిగుసుకున్నాయంతే అని డాక్టరు ఐస్‌క్రీం పుల్లలిచ్చింది. వాటిని పేర్చి పళ్ళ మధ్య పెట్టుకుని, రోజుకొకటి పెంచుకుంటూ పోవాలి. దానయ్యమ్మ నా ఎదుటే కూర్చుని పెట్టుకునేది. కళ్ళ నీళ్ళు కారేవి. పుల్ల మాత్రం తీసేది కాదు. మళ్ళీ రెండు వేళ్ళ దగ్గర ఆగిపోయింది. అక్కడే ఎన్నాళ్ళో.

ఒక పొద్దున ఆమె గూటి ముందు నిలబడి మూడు వేళ్ళు నిలబెట్టింది. పట్టాయి. ఎవరితోనూ చెప్పలేదు. నూకరత్నం నెత్తి మీది తట్ట అందుకుని వీధిలోకి నడిచింది.

"సేపలోయ్... పండుగొప్పలోయ్..."

గూట్లో నా పక్కనున్న స్టీలు గ్లాసు మూత గలగలమంది.

"సాల్లే వొదినా, సేపలు మళ్ళీ సముద్రంలోకి పారిపోతాయి," అంది నూకరత్నం, కళ్ళు తుడుచుకుంటూ.

నాకు పై దవడ లేదు, నాలుక లేదు. అయినా ఆ పొద్దున అరిచింది నేనే.

రాసింది గనగళ్ల దానయ్యమ్మ. వయసు యాభై ఎనిమిది. ఇప్పుడు ఉండేది చేపలుప్పాడలో, ఆడపడుచుతో.