కొక్కెం దగ్గర చీటీ

"ఆవిడది బుర్ర కాదు, గని!" అన్నాడు మొగుడు, వరసగా మూడో రోజు కూడా.

ఆమె ఉల్లిపాయలు తరుగుతోంది. కళ్లల్లో నీళ్లకు సాకు దొరికింది గానీ అసలు మంట వేరే. ఆవిడంటే మ్యాపుల మేడమ్. అతను పనిచేసే గోదాము ఊరవతలికి మారుతోంది. ఏ రోజు ఎన్ని లారీలొస్తాయో తెలీదు, కూలీలు ఎందరు నిలుస్తారో తెలీదు. పూటకో రకంగా మారే ఈ గందరగోళంలో ఏది ముందు తేల్చుకోవాలో చూడ్డానికి గోడ మీద చీటీలతో మ్యాపు గీయడం నేర్పుతుందట. పైన మనకు కావలసింది, దాని కింద అది దేని మీద ఆధారపడిందో అది, దాని కింద మరొకటి. పాతికమంది మగాళ్లు నోరు మూసుకుని వింటారట! ఇక్కడ గ్యాస్ అయిపోవచ్చిందని నాలుగుసార్లు చెబితే నాలుగుసార్లూ "ఊఁ" అన్న మహానుభావుడు, అక్కడ పుస్తకంలో రాసుకుంటున్నాడట. పదహారేళ్ల కాపురంలో తన గురించి బుర్ర అన్న మాట అతని నోట వచ్చిందా? ఎందుకు రాలేదూ, వచ్చింది. "బుర్ర ఉందా నీకు?" అని.

కుళ్లు. దానికి ఇంకో పేరు పెట్టి ముస్తాబు చెయ్యక్కర్లేదు. మొహమైనా చూడని మనిషంటే ఆమెకు ఒళ్లు మండిపోతోంది.

మర్నాడు పొద్దున్న అతను తల గోక్కుంటూ వంటింట్లోకొచ్చాడు. "ఇంటి మీద ఒక మ్యాపు గీసుకురమ్మంది. ఇంట్లో ఏం మారి చస్తుందని గీయను?" అంటూ గ్లాసు కోసం అల్మారా తెరిచి, అలాగే నిలబడిపోయాడు.

తలుపు లోపలివైపు నిండా చీటీలు. అత్తయ్య తుంటి విరిగి మంచాన పడ్డప్పటి నుంచి ఆమె అంటించుకుంటున్నవి. "అత్తయ్య స్నానం", దాని కింద వేణ్నీళ్లు, దాని కింద కరెంటు. ఇంకో పక్క "పాప పరీక్షలు". కదలనివి పెన్నుతో, ఎప్పుడైనా మారేవి పెన్సిల్‌తో. నర్సు వచ్చే వేళ పెన్సిల్. మొగుడు ఇల్లు చేరే వేళ పెన్సిల్. చీటీల్ని కలుపుతూ గీసిన గీతలన్నీ తిరిగి తిరిగి, ఆ తలుపుకే మసిగుడ్డ వేలాడే కొక్కెం దగ్గరికొచ్చి ఆగుతాయి. అక్కడో చీటీ పెట్టాలని ఆమెకెప్పుడూ తోచలేదు.

ఇది నువ్వు గీశావా అని అతను అడగలేదు. ఫోటో తీసుకుని, "హమ్మయ్య, ఓ పని అయిపోయింది," అన్నాడు.

ఆ పగలంతా ఆమె ఉడికిపోయింది. నా తలుపు తీసుకెళ్లి ఆ మ్యాపులదాని దగ్గర మెప్పు కొట్టేస్తాడా!

సాయంత్రం అతను మొహం వేలాడేసుకుని వచ్చాడు. "ఏరా, అలా ఉన్నావేం?" అంది అత్తయ్య మంచం మీంచి.

"నేనే గీశానని చెప్పానమ్మా. ఈ అత్తయ్య ఎవరంటే మా అమ్మేనన్నాను. 'మీ అమ్మగారిని మీరు అత్తయ్య అని పిలుస్తారా?' అంది ఆవిడ. అందరూ ఒకటే నవ్వు."

అత్తయ్య కూడా కిసుక్కుమంది.

అతను పెళ్లాం వైపు తిరిగాడు. "అంతటితో ఊరుకుందా? గీతలన్నీ వచ్చే చోట ఎవరున్నారని అడిగింది. మసిగుడ్డ అన్నాను. ఉన్నది అదేగా! దానికి మాత్రం నవ్వలేదు. గోదాము మారేదాకా తన పక్కన ఓ మనిషి కావాలట, జీతమిస్తారట. గీసినావిడతో ఫోన్ చేయించమని నంబరిచ్చింది. ఇల్లు వదిలి తనెక్కడొస్తుందిలెండి అని చెప్పేశాను."

ఆమె చేతిలో గరిటె ఆగింది. పదహారేళ్లలో అక్కడ ఎవరున్నారని అడిగింది ఆ ఒక్కతే. మూడు రోజులుగా తను తిట్టుకుంటున్న మనిషి. అయినా కుళ్లు పోలేదు. పోకపోగా ఇంకాస్త ముదిరింది. ఆవిడ నిలబడే ఆ గోడ ముందు ఇప్పుడు తనకూ చోటు కావాలి.

పొయ్యి కట్టేసింది. కొక్కెం మీది మసిగుడ్డ తీసి అతని భుజాన వేసింది. అక్కడో చీటీ అంటించి 'నేను' అని రాసింది.

"పెన్సిలేంటి, పిచ్చి మొహమా? నువ్వెక్కడికి పోతావు గనక! పెన్నుతో రాయి," అన్నాడు అతను.

"మారేవన్నీ పెన్సిల్‌తోనేనండీ," అంది. "ఆ నంబరు ఇటివ్వండి."