కౌంటు తగ్గింది

మీ అమ్మాయికి జీతం ఎంత అని ఎవరైనా అడిగితే నాకు ఒళ్ళు మండుతుంది. అడిగినవాళ్ళ మీద కాదు, నా మీద నాకే. ముప్పయ్యేళ్ళుగా మండవల్లిలో రొయ్యల చెరువులు చేస్తున్నాను. గట్టు మీద నిలబడి నీళ్ళ రంగు చూసి లోపల సరుకెంతుందో ఇంచుమించుగా చెప్పగలను. అలాంటిది కన్నకూతురికి నెలకెంత వస్తుందో చెప్పలేను. నవ్విపోరూ?

మా స్నేహలత మత్తు డాక్టరు. ఏలూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేస్తోంది. ఆపరేషనుకి ముందు మనిషిని నిద్రపుచ్చేదీ, అయ్యేదాకా ఊపిరి కనిపెట్టుకుని ఉండేదీ, అయ్యాక లేపేదీ తనే. కోసినాయన పేరు ఊరంతా చెప్పుకుంటారు. లేపినామె పేరు లేచినవాడికి కూడా తెలియదు. ఈ సంగతి తలుచుకున్నప్పుడల్లా నాకు మళ్ళీ ఒళ్ళు మండుతుంది.

మా పక్క చెరువు అబ్బాయిరాజు గారు టీ కొట్టు దగ్గర నన్ను వదిలేవారు కాదు. ఆయన మనవడు అభినవ్ ఎంబీబీఎస్ ఆఖరులో ఉన్నాడు.

"ఏవండీ రాజరత్నంగారూ, మావాడు ఏ లైను తీసుకోవాలో తేల్చుకోలేకపోతున్నాడండి. మీ అమ్మాయిగారికి ఎంతొస్తుందో చెప్పారంటే మాకో దారి దొరుకుద్ది."

"వస్తుందండి, బాగానే."

"బాగానే అంటే?"

"అంటే... బాగానేనండి."

"ఆయ్! రొయ్యల పట్టుబడి రోజున కూడా మీరిలాగే అంటారు లెండి, ఇన్‌కంటాక్సు ఆయన పక్కనే కూర్చున్నట్టు."

దాచడానికి నాకు తెలిస్తే కదా! ఒకసారి ఇంటికొచ్చినప్పుడు స్నేహలతని కూర్చోబెట్టి అడిగాను. అడగకపోయినా బాగుండేది. అంతకుముందు ఒక్కటే తెలియదు, ఆ తర్వాత ఏదీ తెలియకుండా పోయింది.

"డాక్టరు డాక్టరుకీ తేడా ఉంటుంది నాన్నా. పగలు పేషెంట్లని చూసుకుని పొద్దుగూకేసరికి ఇంటికెళ్ళే చర్మం డాక్టరమ్మది ఒక లెక్క. ఎప్పుడు పిలిస్తే అప్పుడు పరిగెత్తే మాది ఇంకో లెక్క."

"అయితే నీకే ఎక్కువ రావాలి కదమ్మా?"

"ఆవిడకే ఎక్కువ. ఆవిడని వెతుక్కుంటూ వస్తారు. నన్ను వెతుక్కుంటూ ఎవరొస్తారు? సర్జనుగారి కోసం వస్తారు, ఆయన పిలిస్తే నేను వెళ్తాను."

"పోనీ హైదరాబాదులో ఎక్కువిస్తారేమో?"

"అక్కడ నా వయసువాళ్ళకి ఇంకా తక్కువ. మాలాంటివాళ్ళు బోలెడుమంది. తాడేపల్లిగూడెంలో అయితే ఎక్కువిస్తామన్నారు, అక్కడ మత్తు డాక్టర్లు దొరకడం లేదట."

పెద్ద ఊళ్ళో తక్కువా, చిన్న ఊళ్ళో ఎక్కువా! నాకు బుర్ర తిరిగిపోయింది. మరి ఎక్కువిస్తామంటే గూడెం వెళ్ళలేదేం అంటే, అక్కడ ఇస్తామన్నంతా చేతికొస్తుందని నమ్మకం లేదంది. ప్రభుత్వ కార్డు మీద చేసిన ఆపరేషన్లకి డబ్బు ఎప్పుడొస్తే అప్పుడేనంది. ఏలూరులో అయితే గ్యారంటీ ఉందంది.

"గ్యారంటీ అంటే?"

"కేసులున్నా లేకపోయినా నెలకి ఇంతని ఆసుపత్రివాళ్ళు ఒప్పుకున్నది. కాకపోతే దానికో..."

అంతలో ఫోను మోగింది. ఎవరికో కాన్పు కష్టమైందట. అన్నం కూడా తినకుండా కారెక్కేసింది. ఆ 'కాకపోతే' దగ్గరే నా చదువు ఆగిపోయింది.

తర్వాత కొన్నాళ్ళకి, ఒక శనివారం సాయంత్రం, చెరువు గట్టు మీద ఉండగా ఫోను చేసింది. నీళ్ళకి గాలి పట్టించే ఏరేటర్లు తిరుగుతున్నాయి, సగం మాటలు వినపడి చావడం లేదు.

"నాన్నా, నా కౌంటు బాగా తగ్గిపోయింది."

కౌంటంటే ఏమిటో మా కొల్లేటి చుట్టుపక్కల పిల్లల్ని అడిగినా చెబుతారు. కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయన్నది. వంద కౌంటంటే చిన్న రొయ్య, దాని రేటూ అంతంతమాత్రమే. ముప్పై కౌంటంటే చేతినిండా ఉండే రొయ్య, కొనేవాడే మన గట్టు మీదికి వస్తాడు. కౌంటు తగ్గిందంటే పంట పండిందన్నమాటే. నా బతుకంతా ఆ ఒక్క మాట వినడానికే మేతలు వేశాను. డాక్టర్లకి కూడా కౌంటుంటుందని నాకు అప్పుడే తెలిసింది. ఎంత పెద్ద డాక్టరైతే అంత తక్కువ కౌంటు కాబోలనుకున్నాను.

"దేవునికి స్తోత్రం! ఎంతకి తగ్గిందమ్మా?"

"సగానికి, నాన్నా."

"సగానికే! ఎన్నాళ్ళకి?"

"ఎన్నాళ్ళకంటే... మూడు నెలల్లో."

"మూడు నెలలకే సగానికి! నా తల్లే, నా బంగారమే!"

తను మెల్లగా అంది. "సోమవారం ఎం.డీ. గారు రమ్మన్నారు. ఇలాగే ఉండమంటారా నాన్నా, పద్ధతి మార్చుకోమంటారా?"

మా అమ్మాయీ ఎం.డీ.యే, ఆ ఆసుపత్రి యజమానీ ఎం.డీ.యే. ఒకటి చదివితే వచ్చేది, ఒకటి పెట్టుబడి పెడితే వచ్చేది. ఇది తెలుసుకోవడానికే నాకు ఏడాది పట్టింది. సరే, పిలిచింది మెచ్చుకోవడానికే అనుకున్నాను.

"మార్చుకోవడమేమిటి! కౌంటు తగ్గడమంటే మాటలా? ఇలాగే ఉండు. ఎవరేమన్నా మా నాన్న ఇలాగే ఉండమన్నాడని చెప్పు."

అవతల ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినిపించింది. సంతోషం పట్టలేక ఏడుస్తోందనుకున్నాను. నాకూ కళ్ళు చెమర్చాయి.

ఇంటికెళ్ళే దారిలో టీ కొట్టు దగ్గరే అబ్బాయిరాజు గారికి చెప్పేశాను. ఆయన చేతిలో టీ గ్లాసు అలాగే ఉండిపోయింది.

"సగానికే! అయితే మా అభినవ్‌ని కూడా మత్తులోకే దింపుతానండి."

మర్నాడు ఆదివారం. చర్చిలో సాక్ష్యాలు చెప్పేవేళ లేచి నిలబడి, కృతజ్ఞత కానుక పళ్ళెంలో వేశాను. "మా అమ్మాయి స్నేహలత కౌంటుని దేవుడు మూడు నెలల్లో సగానికి తగ్గించాడు" అన్నాను. మా సంఘంలో చెరువుతో సంబంధం లేని ఇల్లు లేదు. ఒక్కసారిగా "ఆమేన్!" అన్నారు. వెనక వరుసలో ముసలాయన ఒకాయన చప్పట్లు కూడా కొట్టాడు.

పాస్టరు గారి భార్య శాలిని గారు మాత్రం ఆమేన్ అనలేదు. ఆవిడ నర్సు. ఆరాధన అయ్యాక చెప్పుల దగ్గర నన్ను పక్కకి పిలిచింది.

"రాజరత్నంగారూ, ఏమీ అనుకోకండి. కౌంటు తగ్గిందని ఎవరు చెప్పారండి మీకు?"

"తనే చెప్పిందమ్మా."

"ఆసుపత్రిలో కౌంటంటే ఆ నెలలో ఎన్ని కేసులు చేశారన్నదండి. అది తగ్గితే గ్యారంటీ తీసేస్తారు. ఒక్కోసారి మనిషినే తీసేస్తారండి."

చెప్పులో కాలు పెట్టబోయినవాణ్ణి అలాగే నిలబడిపోయాను. ఓరి దేవుడా! పిల్ల మునిగిపోతున్నానని ఫోను చేస్తే, బాగా మునుగు తల్లీ అన్నానన్నమాట. పైగా పదిమందిచేత ఆమేన్ కూడా అనిపించాను!

మధ్యాహ్నం ఫోను చేశాను. ఎత్తింది. "అమ్మా..." అన్నాను. "ఏంటి నాన్నా?" అంది. "అన్నం తిన్నావా?" అని అడిగి పెట్టేశాను. నన్ను నేను తిట్టుకున్న తిట్లు చర్చికి వెళ్ళొచ్చిన నోటితో తిట్టదగ్గవి కావు.

సోమవారం పొద్దున్నే కైకలూరు వెళ్ళి ఏలూరు బస్సెక్కాను. కొల్లేరు మీదుగా వెళ్తున్నంతసేపూ ఒకటే ఆలోచన. పిల్ల ఆ ఎం.డీ. గదిలోకి వెళ్ళకముందే పట్టుకోవాలి. నాన్న పొరబడ్డాడమ్మా, వాళ్ళు చెప్పినట్టు విను, కౌంటు పెంచుకో అని చెప్పాలి. ఇంత చదువు చదివిన పిల్ల బతుకుతెరువు నా తెలివితక్కువ మాట వల్ల పోకూడదు. పెద్దింట్లమ్మ గుడి వైపు తిరిగే దారి దగ్గర బస్సు కాసేపు ఆగితే డ్రైవరు మీద కూడా అరిచాను.

వెళ్ళేసరికి స్నేహలత లోపలికి వెళ్ళిపోయింది. తలుపు వేసి ఉంది. బయట బెంచీ మీద కూలబడ్డాను.

పక్కన ఒక పెద్దావిడ కూర్చుని తనలో తను గొణుక్కుంటోంది. పేరు అచ్చాయమ్మ, ఉంగుటూరట. కడుపులో రాళ్ళకి ఆపరేషను చేయించుకోవాలని వచ్చింది.

"రెండుసార్లు వచ్చానండి, రెండుసార్లూ వెనక్కి పంపేసింది ఆ మత్తు డాక్టరమ్మ" అంది నాతో. "సుగరు ఎక్కువుందట, గుండెల్లో కఫం ఉందట. సర్జనుగారు చేసేస్తానంటుంటే ఈవిడ అడ్డం! మొన్నేమో దగ్గరే కూర్చుని, ఏం తిన్నారు, ఎంత తిన్నారు అని ఒకటే ఆరాలు. టీ చుక్క తాగానని నోరు జారానండి, అంతే, ఇంటికి పొమ్మంది. పక్క వీధిలో ఆసుపత్రివాళ్ళు వెంటనే చేసేస్తామన్నారు. మా అబ్బాయి అక్కడికే వెళ్దామంటున్నాడు."

ఆవిడ మా అమ్మాయే అని చెప్పడానికి మొహం చెల్లలేదు.

"నాకు తెలియక అడుగుతానండి. ఆవిడకి జీతమిచ్చేది మత్తివ్వడానికా, ఇవ్వకుండా ఆపడానికా?"

ఆ ప్రశ్న నన్ను పట్టుకుంది. కేసు చేస్తే కౌంటు. చేయొద్దని ఆపితే? ఆపడానికీ అంతే చదువు కావాలి, అంతకంటే ఎక్కువ గుండె ధైర్యం కావాలి, మరి దానికి డబ్బెవరిస్తారు? మా చెరువు దగ్గరికొచ్చే టెక్నీషియను, ఈ వారం రొయ్య పట్టొద్దు, ఆగండి అన్నందుకు కూడా మేం ఫీజిస్తాం. రొయ్యకి ఇచ్చే మర్యాద మనిషికి లేదా? మొదటిసారి నాకు కొంచెం అర్థమైనట్టు అనిపించింది. కానీ అర్థమైతే ఏం చెప్పాలో ఇంకా అర్థం కాలేదు.

తలుపు తెరుచుకుంది. స్నేహలత బయటికి వచ్చి నన్ను చూసి ఆగిపోయింది.

"నాన్నా, మీరేంటి ఇక్కడ?"

"అయిపోయిందా అమ్మా?"

"అయిపోయింది. గ్యారంటీ తీసేశారు. ఇక నుంచి చేసిన కేసుకే ఇస్తారట. ఉంటే ఉండు, లేకపోతే నీ ఇష్టం అన్నారు."

కారిడారు చివర కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి అసలు సంగతి చెప్పేశాను. "నేను రొయ్యల కౌంటనుకున్నాను తల్లీ. నాకేం తెలుసు! నిన్ను ముంచేశాను."

"తెలుసు నాన్నా" అంది.

"ఏం తెలుసు?"

"ఎన్నాళ్ళకి తగ్గిందని అడిగారు కదా. మేతలెన్ని వేశావని అడగలేదు, అదొక్కటే తక్కువ." నవ్వబోయింది, నవ్వు నిలవలేదు.

"తెలిసి కూడా నా మాట పట్టుకుని లోపలికి ఎలా వెళ్ళావే?"

"సర్జన్లు పెంచమన్నారు. మేనేజరు పెంచమన్నాడు. నాతో చదివినవాళ్ళు కూడా, నీకెందుకే, పేషెంటు చేత సంతకం పెట్టించుకుని మత్తిచ్చెయ్ అన్నారు. ఇలాగే ఉండు అని ఒక్కరూ అనలేదు నాన్నా. మీరన్నారు. పొరపాటునైనా అన్నారు. ఇంకెవరి దగ్గర తెచ్చుకోను ఆ మాట?"

ఆ శనివారం ఏడ్చింది ఎందుకో ఇప్పుడు తెలిసింది. కూతురు ఒక్క మాట కోసం ఊరంతా తిరిగి, చివరికి తండ్రి పొరపాటు తెచ్చుకుని సరిపెట్టుకుంది.

"మళ్ళీ అడుగు" అన్నాను.

"ఏమని?"

"ఫోనులో అడిగిందే."

నా మొహంలోకి చూసింది. "నా కౌంటు తగ్గిపోయింది నాన్నా. ఇలాగే ఉండమంటారా, మార్చుకోమంటారా?"

తెలియనప్పుడు ఎంత తేలిగ్గా అన్నాను! ఇప్పుడు ఆ మాట నాలుక మీదికి రావడం లేదు. గ్యారంటీ లేదు. వచ్చే నెల ఎంతొస్తుందో దానికే తెలియదు. రేపు టీ కొట్టు దగ్గర అబ్బాయిరాజు గారికి ఏం చెప్పాలి? బస్సులో వస్తూ నేను తెచ్చుకున్న జవాబు వేరు. వద్దు తల్లీ, అందరిలాగే ఉండు అందామని నోరు తెరిచాను కూడా. అంతలో అటు బెంచీ మీద అచ్చాయమ్మకి దగ్గు తెర వచ్చింది. అది ఆగేదాకా స్నేహలత నావైపు చూడలేదు, ఆవిడ గుండెల వైపే చూస్తోంది.

"ఇలాగే ఉండమ్మా" అన్నాను. శనివారం అరిచినట్టు అరవలేదు. నాకే సరిగా వినపడలేదు. తనకి వినపడింది.

స్నేహలత కళ్ళు తుడుచుకుని అచ్చాయమ్మ దగ్గరికి వెళ్ళి వీపు మీద గొట్టం పెట్టి విన్నది. "ఇంకో వారం మందులు వాడండమ్మా. అప్పటికి కఫం తగ్గిపోతుంది, నేనే దగ్గరుండి చేయిస్తాను" అని చెప్పి లోపలికి వెళ్ళిపోయింది.

"చూశారా! మళ్ళీ పంపేసింది" అంది అచ్చాయమ్మ, నేను పక్కన కూర్చోగానే. "ఇలా అందర్నీ పంపేస్తే ఆవిడకి జీతం ఎలాగొస్తుందండి?"

"తెలియదండి" అన్నాను. "ఆవిడ మా అమ్మాయండి."