వాయిదా మేడం

"వాయిదానే కదా, పోయి అడిగేసి రా" అన్నాడు పద్మనాభ్, పాల ప్యాకెట్టు తెమ్మన్నంత తేలిగ్గా. హాల్లో అద్దం ముందు నిలబడి జరీ పంచె కుచ్చిళ్ళు సర్దుకుంటున్నాడు. నేను వంటింట్లో స్టూలెక్కి, పైఅరలోంచి పెద్ద గుండిగ దించుతున్నాను. ఉదయం ఆరు దాటలేదింకా. ఎనభై మందికి పులిహోర కలపాలి. భోజనాలు హోటల్లో చెప్పారు. కానీ పెరుమాళ్ళకి నివేదన చేసి అందరికీ పంచే ప్రసాదం మాత్రం ఇంటి చేతిదే ఉండాలని మామగారి పట్టు. ఇంట్లో నలుగురం ఉన్నాం, ఎనిమిది చేతులున్నాయి. ఇంటి చెయ్యి అన్నప్పుడు మాత్రం నావి రెండే లెక్కకొస్తాయి.

"మధ్యాన్నం భోజనాల వేళకి వచ్చెయ్. వడ్డన చూసుకునే మనిషి ఉండాల" అని కూడా అన్నాడు. తిరుపతి నుంచి చిత్తూరు పోవాలి, కోర్టులో నిలబడాలి, తిరుగు బస్సు పట్టుకోవాలి, వచ్చి సాంబారు వడ్డించాలి. అవును మరి, నాకేం పని!

ఇవాళ మా ఆఫీసు పండగ. మామగారు సౌందరరాజన్ నలభై ఏళ్ళుగా సర్కారు సంస్థల కేసులు మాత్రమే చూసే లాయరు. మున్సిపాలిటీలు, మార్కెట్ కమిటీలు, పాల సహకార సంఘం, ఇంకా పేర్లు కూడా గుర్తుండని బోర్డులూ కార్పొరేషన్లూ ఆయన క్లయింట్లు. బయట పలక మీద 'సౌందరరాజన్ అండ్ సన్' అని రాసుంటుంది. సన్ అంటే నా మొగుడు పద్మనాభ్. నేనూ లాయర్నే, పద్నాలుగేళ్ళుగా. పెళ్ళయిన కొత్తలో, నా పేరు కూడా రాయిస్తే బాగుంటుందేమో అని నసిగితే మా అత్తగారు పంకజాక్షమ్మ గలగలా నవ్వారు. "మామా మొగుడూ బోర్డెక్కినాక మళ్ళా నీదెందుకమ్మా, ఆ పెయింటు దండగ" అన్నారు. ఆవిడ చెడ్డమనిషి కాదు. ఆవిడ పేరు రేషన్ కార్డులో తప్ప ఇంకెక్కడా ఎవరూ రాసి ఉండరు.

ఇంట్లో కూర్చుని కోర్టుకిచ్చే జవాబులు, కౌంటర్లు రాసేది నేను. పాత తీర్పులు వెతికేది నేను. "నీ డ్రాఫ్టు వెన్న మాదిరి ఉంటాదమ్మా" అంటూ సంతకం పెట్టేది మామగారు. ఒకసారి, ఈ కేసు నేనే వాదిస్తాను మామయ్యా అంటే కళ్ళజోడు తీసి చాలా ఓపిగ్గా చెప్పారు. "వండేది ఒకరు, వడ్డించేది ఒకరు. కోర్టంటే వడ్డనమ్మా. దానికి చెయ్యి తిరగాల." ఇంట్లో వండేదీ నేనే, వడ్డించేదీ నేనే, ఆఖరికి గిన్నెలు తోమేదీ నేనే. నా చెయ్యి ఇంకెంత తిరగాలో నాకైతే అర్థం కాలేదు. వడ్డించేవాడు మనవాడైతే కడపంక్తిలో కూర్చున్నా ఫరవాలేదంటారు పెద్దలు. నాకు వడ్డించేవాళ్ళంతా మనవాళ్ళే. విస్తరి మాత్రం పద్నాలుగేళ్ళుగా అలాగే ఉంది.

నలభై ఏళ్ళయిన సందర్భంగా 'ఈ ఏటి మా విజయాలు' అని ఒక పుస్తకం అచ్చేశారు. దాన్ని మూడు వారాలు కూర్చుని రాసింది నేనే. ఏ కేసు ఎలా గెలిచారో, ఏ సంస్థకి ఎంత మేలు జరిగిందో, అన్నీ నేనే రాశాను. 'మా సీనియర్ గారి వాదనా పటిమ' అని ఏడుసార్లు రాశాను. ఎనిమిదోసారి రాయబోయి, వాక్యం మార్చుకున్నాను. నిన్న అచ్చయి వస్తే మొదటి కాపీ తిరగేశాను. నేను పంపిన ప్రూఫులో లేని ఒక ముక్క చివరి పేజీలో కనిపించింది. 'అతిథి మర్యాదలు: శ్రీమతి రంగప్రియ.' నేనే రంగప్రియని. పద్మనాభ్ చేర్పించాడట. "నీ పేరు లేదని ఎప్పుడూ సణుగుతుంటావు గదా" అన్నాడు, మంచి పని చేసిన మొహంతో. దండం పెట్టాలో నెత్తిన మొట్టాలో తెలియని మొహం అది.

కోర్టుకి నేను వెళ్ళనని కాదు. వాదన ఉన్న రోజు వాళ్ళు వెళతారు. వాళ్ళకి తీరిక లేని రోజు, లేదా కేసు సాగదీయాల్సిన రోజు, నన్ను పంపుతారు. అందుకోసమే వకాల్తా మీద మూడో పేరుగా నన్ను వేస్తారు. లేచి నిలబడి, టైము కావాలండీ అని చెప్పి కూర్చోవడమే నా వృత్తి. చిత్తూరు కోర్టులో గుమాస్తా మునిరామయ్య నేను కుర్చీలోంచి లేస్తుంటేనే కొత్త తేదీ రాసేసుకుంటాడు. నోరు తెరిచేదాకా కూడా ఆగడు. ఎగతాళిగా కాదు, పాపం అలవాటు. "వాయిదా మేడం వచ్చినారు" అని అతనే ఎవరితోనో అంటుంటే ఒకసారి విన్నాను. ఆ రోజు ఇంటికొచ్చి చెప్పుకుంటే పద్మనాభ్ పొట్ట పట్టుకుని నవ్వాడు. మర్నాడు బార్ రూములో అందరికీ చెప్పాడు.

పుస్తకంలో పదకొండో విజయం దగ్గర నేను ఆగిపోయాను. అది తిరుమలమ్మ కేసు. తిరుమలమ్మ మా క్లయింటు కాదు, మా ఎదుటి పక్షం. ఒక మున్సిపాలిటీలో, ఊరి పేరెందుకు లెండి, పద్దెనిమిదేళ్ళు రోడ్లు ఊడ్చింది. గర్భసంచి ఆపరేషన్ చేయించుకుని మూడు వారాలు పనిలోకి రాలేదు. చెప్పకుండా మానేసిందని తీసేశారు. సెలవు చీటీ ఇచ్చానంటుంది ఆమె. ఇవ్వలేదంటుంది మున్సిపాలిటీ. తొమ్మిదేళ్ళుగా కేసు నడుస్తోంది. ఆమె పాత ఫైలు తెచ్చి చూపించమని కోర్టు ఎప్పుడో ఆదేశించింది. ఈ నెలాఖరుకి ఆమెకి రిటైర్మెంటు వయసు నిండుతుంది. ఆ తర్వాత తిరిగి ఉద్యోగంలోకి తీసుకోమని అడగడానికి అర్థం ఉండదు. తీసుకోవడానికి ఉద్యోగమే ఉండదు కదా!

"అది ఇంకా ముగియలేదండీ మామయ్యా" అన్నాను.

"ముగుస్తాది గదమ్మా. నువ్వు పోయి ఇంకొక్క వాయిదా అడిగితే దానంతటదే ముగుస్తాది. రాసెయ్."

రాసేశాను. 'కాలక్రమంలో దావా నిరర్థకమైనందున సంస్థకు అనుకూలంగా ముగిసింది.' వెన్న మాదిరి వాక్యం. ఇంకా జరగని గెలుపు అచ్చయిపోయింది. జరిపించాల్సిన పని ఒక్కటే మిగిలింది, దానికి నన్ను బస్సెక్కిస్తున్నారు.

ఇంతకీ ఆ ఫైలు ఎక్కడుందో నాకు తెలుసు. అయిదు నెలల కిందట మున్సిపాలిటీ నుంచి మునికుమార్ అనే ఉద్యోగి తెచ్చి నా చేతికే ఇచ్చాడు. తెరిచి చూశాను. నలభయ్యో కాగితం, రూళ్ళ నోటుబుక్కులోంచి చింపింది. పిల్లల చేతిరాతతో సెలవు చీటీ. కింద వంకర సంతకం, ఆ పక్కన మున్సిపాలిటీ గుండ్రటి సీలు, తేదీ. ఆస్పత్రి చీటీ గుండుసూదితో గుచ్చి ఉంది. పరుగెత్తుకుంటూ వెళ్ళి మామగారికి చూపించాను. ఆయన చదివారు, మూశారు. "ఇది వచ్చినట్టు నువ్వు సూడలేదు. ఇంకా వెతకతా ఉండారని చెప్పు" అన్నారు. ఎక్కడ పెట్టమంటారని అడిగితే, ఆఫీసులో జూనియర్లు గెలుకుతారు, బీరువా ఆడిటర్ తెరుస్తాడు అని ఆలోచించి ఆలోచించి చివరికి అన్నారు, "మీ వంటింట్లో పెట్టమ్మా. ఆడికి ఎవురొస్తారు?"

నిజమే. ఎవరొస్తారు? అయిదు నెలలుగా అది పైఅరలో గుండిగ కింద ఉంది. అయిదుసార్లు చిత్తూరు వెళ్ళి, ఫైలు ఇంకా దొరకలేదండీ అని చెప్పింది కూడా నా నోరే. మామగారిని తిట్టుకుంటే సరిపోదు. అబద్ధం వండింది ఆయనైనా వడ్డించింది నేను. ఈ ఒక్క వడ్డనకి మాత్రం నా చెయ్యి బాగానే తిరిగినట్టుంది.

పొద్దున గుండిగ దించేసరికి ఫైలు మొహాన పడ్డట్టు కనిపించింది. అట్ట మీద నూనె జిడ్డు, ఒక మూల బొద్దింక కొరికిన గుర్తు. కొంగుతో తుడిచాను. అన్నం ఆరబోసి, పులుసు కలిపి, తిరగమోత పెట్టి, తులసి వేసి పక్కన పెట్టేదాకా అది స్టవ్ పక్కనే ఉంది. పద్మనాభ్ రెండుసార్లు కాఫీకి వచ్చాడు, చూడలేదు. చూసినా కూరగాయల పద్దు అనుకుని ఉంటాడు. నల్లకోటు, టిఫిన్ డబ్బా, నీళ్ళ సీసా సంచిలో పెట్టుకుంటూ దాన్ని కూడా పెట్టుకున్నాను. ఎందుకు పెట్టుకున్నానో అప్పటికి నిజంగా తెలియదు. మళ్ళీ ఆ గుండిగ కింద దాన్ని తోయడానికి చెయ్యి రాలేదు, అంతే.

పూతలపట్టులో బస్సు ఆగింది. తిరుమలమ్మ ఎక్కింది. వాయిదా రోజుల్లో మేమిద్దరం ఒకే బస్సులో పడటం కొత్త కాదు. ఎప్పుడూ వెనక్కి వెళ్ళి కూర్చునేది. ఇవాళ నా పక్క సీటొక్కటే ఖాళీగా ఉంది. కూర్చుని, కొంగు ముడి విప్పి, ఉడకబెట్టిన చెనక్కాయలు నా ఒళ్ళో పోసింది.

"ఏం లాయరమ్మా, ఈ పొద్దు గూడా వాయిదానేనా?"

"కేసు సంగతి నాతో మాట్లాడకూడదు తిరుమలమ్మా. మీ లాయరున్నారు కదా."

"కేసు గురించి యాడ మాట్లాడినాను? నీ మొగం గురించి మాట్లాడతా ఉండా. నిన్ను పంపినారంటే వాయిదానే అని మా లాయరు గూడా సెప్పినాడు. ఈ పొద్దు వాయిదా ఏస్తే ఇంగ నేను రాబల్లేదంట."

నేను చెనక్కాయ ఒలుస్తూ కూర్చున్నాను.

"దుడ్ల కోసరం కాదు మా" అంది కిటికీలోంచి బయటికి చూస్తూ. "నాతో సేరినోళ్ళంతా దండలు ఏయించుకోని రిటైరైనారు. మస్టర్లో నా పేరు ఇంగొక్క దినం పిలవల్ల. నేను వచ్చినాననల్ల. సెప్పకుండా ఎగ్గొట్టిందని గదా తీసేసినారు! సీటీ నా కూతురు రాసింది. ఆరో తరగతి అప్పుడు. నేను వంగలేక గోడ పట్టుకోని పొయ్యి ఇచ్చినా. సీలు గూడా ఏసినాడు. యాడ పారేసినారో ఏమో."

ఆమె మోచేయి నా సంచికి ఆనుకుని ఉంది. సంచిలో ఫైలు అంచు నా తొడకి గుచ్చుకుంటోంది. నాకు ఒళ్ళు మండింది. ఆమె మీద కాదు, మామగారి మీద కూడా కాదు. ఆ క్షణాన నా మీద నాకే.

"అది సరే గానీ, నీ పేరేమి మా? ఇన్నేండ్లుగా సూస్తా ఉండా, వాయిదా మేడం అనే తెలుసు నాకు."

"రంగప్రియ."

"బాగుండాదే పేరు" అంది. "మరి పిలిసేవాళ్ళు ఎవురూ లేరా?"

చిత్తూరు వచ్చేదాకా లెక్కలేసుకున్నాను. ఫైలు బయట పెడితే ఇవాళ సాయంత్రం ఇంట్లో ఏమవుతుంది? మామగారు కేకలు వేయరు, మాట్లాడటం మానేస్తారు. అత్తగారు ఏడుస్తారు. పద్మనాభ్ మాత్రం అడుగుతాడు, "నిన్ను పంపింది దేనికి, నువ్వు చేసింది ఏమి?" అని. మున్సిపాలిటీ మా చేతిలోంచి పోతుంది. నేను ఆ ఇంట్లో ఉంటానో లేదో కూడా తెలియదు. భయం వేసింది, లేదని ఎందుకు చెప్పాలి? కానీ గుండిగ మళ్ళీ పైకెక్కించి, దాని కింద ఆ అట్ట తోసి, స్టూలు దిగడం తలుచుకుంటే అంతకన్నా ఎక్కువ భయం వేసింది.

కోర్టులో మా కేసు నంబరు పిలిచే ముందు ఫోను వణికింది. పద్మనాభ్ మెసేజీ. 'పులిహోరలో ఉప్పు తగ్గింది. వాయిదా అయ్యాక చెప్పు. నాయన పుస్తకం రిలీజ్ ఆపి కూర్చున్నారు.'

కేసు పిలిచారు. లేచాను. మునిరామయ్య కలం అప్పుడే కాగితం మీద కదులుతోంది. తిరుమలమ్మ వెనక బెంచీ మీద, చెప్పులు విడిచి, చేతులు కట్టుకుని నిలబడింది.

"టైమేనా అమ్మా?" అన్నారు జడ్జిగారు తలెత్తకుండానే.

"టైము వద్దు సార్."

కలం ఆగింది. జడ్జిగారు తలెత్తారు. "మీ సీనియర్ గారు వస్తున్నారా?"

"లేదు సార్. వకాల్తాలో మూడో పేరు నాది. కోర్టువారు తెమ్మన్న ఫైలు తెచ్చాను."

టిఫిన్ డబ్బా పక్కకి జరిపి ఫైలు బయటికి తీశాను. మునిరామయ్య లేచి వచ్చి రెండు చేతులతో అందుకున్నాడు. అట్ట జిడ్డు వేళ్ళకి అంటితే చూసుకుని, నా వైపు చూశాడు. జడ్జిగారు ఒక్కో కాగితం తిప్పారు. నలభయ్యో కాగితం దగ్గర ఆగారు. చదివారు. గుండ్రటి సీలు మీద వేలు పెట్టి, మళ్ళీ చదివారు.

"దొరకలేదని అయిదుసార్లు రికార్డు చేశాం" అన్నారు నెమ్మదిగా. "ఇన్నాళ్ళూ ఎక్కడుందమ్మా ఇది?"

"మా వంటింట్లో సార్" అన్నాను.