నాలుగో అంతస్తు

పక్షవాతం లిఫ్టు మెకానిక్ కుడిచేత్తో పాటు మాటని కూడా పట్టుకుపోయింది. మంచినీళ్ళు కావాలన్నా "అది... అది..." అని ఆగిపోయి, కళ్ళనీళ్ళు పెట్టుకునేవాడు. ఆయన భార్య కళ్ళజోళ్ళ షాపులో ఫ్రేములకి అద్దాలు బిగిస్తుంది. షాపుకి సెలవు పెట్టి, ఇంటిపట్టునే ఉండి ఆయన్ని పసివాణ్ణి సాకినట్టు సాకింది.

మాట నేర్పే డాక్టరమ్మ ఇంటికొచ్చి చూసింది. చిన్నపిల్ల, కానీ ఓపిక మనిషి.

"సొంతంగా మాట కూర్చుకోవడం ఆయనకిప్పుడు కష్టమండీ. కంఠతా వచ్చినవి మాత్రం అంత తొందరగా పోవు. అంకెలు, వారాల పేర్లు, చిన్నప్పటి పద్యాలు... ఒక్కటి అందిస్తే మిగతావి వాటంతటవే రావచ్చు. మీరు మొదలుపెట్టండి."

భార్య మంచం అంచున కూర్చుని "ఒకటి..." అంది.

ఆయన పెదాలు కదిలాయి. ఎక్కడా తడబడకుండా, ముద్దుగా సాగదీస్తూ అందుకున్నాడు:

"ఒకటో అంతస్తు, ఒళ్ళు విరుచుకో.
రెండో అంతస్తు, రెప్పలు వాల్చుకో.
మూడో అంతస్తు, ముడుచుకు పడుకో.
నాలుగో అంతస్తు, నాన్న గుండె మీద నిద్దరో."

ఎడంచెయ్యి తలగడని జోకొడుతోంది.

డాక్టరమ్మ సంబరపడిపోయింది. "చూశారా! ఏళ్ళ తరబడి రోజూ అంటేగానీ ఇలా రాదు. మీ పాపకి చెప్పేవారా?"

"మాకు పిల్లల్లేరు," అంది భార్య.

పిల్లలు పుట్టరని తేలాక, ఎవరినైనా తెచ్చి పెంచుకుందామని ఆమె కాళ్ళావేళ్ళా పడింది. "పసిపిల్లల్ని ఆడించడం నాకు చేతకాదే. నీకు నేను, నాకు నువ్వు. చాలదూ?" అన్నాడాయన. ఆ మాటకి అప్పట్లో మురిసిపోయింది కూడా. వారంలో సగం రోజులు రేవుపట్నంలో లిఫ్టుల పనంటే, టిఫిను డబ్బా కట్టి మరీ పంపింది.

ఆదివారం మరిది అన్నని చూడ్డానికొచ్చాడు. ఆమె కావాలనే అతని ముందు "ఒకటి" అంది. పాట మొదలవగానే మరిది టీ గ్లాసు కింద పెట్టేసి, వరండాలోకి లేచిపోయాడు. ఆమె వెనకే వెళ్ళింది.

"ఎవరా పాప?"

"ఏ పాప వదినా?"

"నా దగ్గర నాటకాలాడకు."

అతను చెప్పులకేసి చూస్తూ నిలబడ్డాడు. "రేవుపట్నంలో... ఇప్పుడు టెన్త్ చదువుతోంది."

"అత్తయ్యకి తెలుసా?"

"పేరు పెట్టింది అమ్మే."

తనని ఎవరైనా గొడ్రాలంటే వాళ్ళ మీద విరుచుకుపడిన అత్తగారు! పోయేముందు తన చెయ్యి పట్టుకుని "నువ్వే నా కూతురివే" అన్న అత్తగారు!

"ఇన్నాళ్ళూ అందరూ కలిసి నన్ను వెర్రిదాన్ని చేశారన్నమాట."

"నువ్వు తట్టుకోలేవని..."

"అవును మరి. నా మీద జాలితోనే చేశారు పాపం."

ఆ పాట చెప్పించడం మాత్రం ఆపలేదు. ఆపితే మాట రాదు. మాట వస్తేనే కదా ఆయన్ని నిలదీయగలిగేది! పొద్దున్నా సాయంత్రం పక్కన కూర్చుని తనే అందించేది. చివరికి అది ఆమెకీ నోటికి వచ్చేసింది. అంట్లు తోముతుంటే దానంతటదే పెదాల మీదికొచ్చేది. చటుక్కున నోరు మూసుకునేది.

క్రమంగా నీళ్ళు, అన్నం, చలి అనే మాటలు వచ్చాయి. ఒకరోజు గడ్డం గీస్తుంటే ఆయన ఆమె చెయ్యి ఆపాడు. ఏదో చెప్పబోతున్నాడని అర్థమై, ఆమె రేజరు పక్కన పెట్టింది. అడగాల్సింది ఎన్నాళ్ళుగానో మనసులో పేర్చుకుని ఉంది. ముందు ఆయన్నే అననిద్దామనుకుంది.

"పాప... రాలేదా?" అన్నాడు.

ఎవరూ అందించకుండా, తనంత తానుగా కూర్చుకున్న మొదటి వాక్యం అది. ఎవరితో అంటున్నాడో ఆయనకి తెలుసో లేదో. ఆమె సబ్బునురగ తుడిచి, రెండో చెంప కూడా గీసి, మరిదికి ఫోన్ చేసింది.

"రేపొచ్చి మీ అన్నయ్యని తీసుకెళ్ళు."

"ఎక్కడికి వదినా?"

"పాప దగ్గరికి. అడుగుతున్నారు."

మర్నాడు బట్టలు సర్దింది, ఏ మందు ఎప్పుడెయ్యాలో మరిదికి చెప్పింది. కారెక్కిస్తుంటే ఆయన ఆమె కొంగు పట్టుకుని "నువ్... నువ్..." అంటూ పెనుగులాడాడు. పక్కింటావిడ మెట్ల మీద నిలబడి చూస్తోంది. ఆమె ఆ వేళ్ళు ఒక్కొక్కటే విడదీసి, తలుపేసింది.

కారు మలుపు తిరిగాక గేటు దగ్గరే కూలబడి, వెక్కి వెక్కి ఏడ్చింది. ఆ ఏడుపు ఆయన కోసమనుకుని పక్కింటావిడ ఓదార్చబోయింది.

"పిల్లని తెచ్చి పెంచుకుందామన్నానండీ," అంటోందామె. "ఎంత బతిమాలానో!"