బావ సవతి

కుడికాలి సాక్స్‌కి బొటనవేలి దగ్గర చిల్లు పడింది. అతను కిటికీ పక్కన కూర్చుని, కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి దాన్ని కుడుతున్నాడు. ఎడమకాలిది ఎలా ఉన్నా ఫరవాలేదు. కుడిదే అతనికి పనిముట్టు.

ఈ పాటగాడి గురించి ముందే ఒక మాట చెప్పుకోవాలి. పాట మొదలుపెట్టిన రోజు నుంచీ ఇతను తాళం తప్పింది లేదు. గోడగడియారాలు ఇతని పాట విని టైము సరిచేసుకునేవి. ఇతను హోటల్లో పాడుతుంటే చేతులు కడుక్కునే చోట కారే కుళాయి కూడా లెక్క తప్పకుండా కారేదని ఒక ప్రతీతి. ఆ ప్రతీతిని కన్నవాడూ, పెంచి పెద్దచేసినవాడూ, నలుగురిలోకీ తీసుకెళ్ళి కూర్చోబెట్టినవాడూ ఇతనే. పోయినేడాది దాకా కాదన్న మనిషి లేడు. చివరికి కాదన్నది మనిషి కాదు, ఒక డబ్బా.

డబ్బా ఇప్పుడు అతని మంచం మీద ఉంది. సబ్బుపెట్టె కంటే కాస్త పెద్దది, బూడిదరంగు ఇనుపది. పైన ఒక పెద్ద మీట, పక్కన ఒక చిన్న మీట, రెంటికీ మధ్య కందిగింజంత ఎర్రదీపం. పెద్ద మీట కాలితో ఒకసారి నొక్కితే లోపల్నుంచి డ్రమ్ములు మొదలవుతాయి. మధ్యలో ఇంకోసారి నొక్కితే ఒక చిన్న ఉరుము ఉరిమి మళ్ళీ దారిలో పడుతుంది. టకటకా రెండుసార్లు నొక్కితే ఆగిపోతుంది. రెండు చేతులూ గిటారు మీద, నోరు మైకు దగ్గర ఉన్నవాడికి మిగిలేది కాలే కదా. బూటు తొడుక్కుంటే మీట తెలియదు. అందుకే పాడేటప్పుడు కుడి బూటు విప్పి పక్కన పెడతాడు. అందుకే సాక్స్ మీద ఇంత శ్రద్ధ.

ఈ డబ్బా రాకముందు ఆ పని బావ చేసేవాడు. బావ అంటే అక్క మొగుడు. పెళ్ళికి ముందే డ్రమ్ములు వాయించేవాడు. అక్కని చూడటానికి వచ్చిన రోజు టీ కప్పు మీద చెంచాతో వాయిస్తూ కూర్చుంటే, ఈ బావమరిది లోపలినుంచి గిటారు పట్టుకొచ్చాడట. పెళ్ళికూతురు బయటికొచ్చేసరికి ఇద్దరూ మూడో పాటలో ఉన్నారు. ఆ ఇంట్లో సంబంధం కుదిరింది ముందు తనకి కాదని అక్క ఇప్పటికీ అంటుంది.

అప్పటినుంచీ ఇద్దరూ కలిసే పాడారు, వాయించారు. వానాకాలమంతా మూసిపెట్టిన సినిమాహాలు వరండాల్లో, పుట్టినరోజుల్లో, దుకాణాలు తెరిచే వేడుకల్లో, ఆఖరికి బస్టాండు వెనకున్న ఈ హోటల్లో. పాట అయ్యాక ప్రతిసారీ ఒకటే గొడవ. "బావా, రెండో చరణం దగ్గర మళ్ళీ జారావు" అనేవాడు ఇతను. "జారానేమో లే" అనేవాడు బావ, డ్రమ్ము మీద గుడ్డ కప్పుతూ. ముద్దుగా బావకి నత్త అని పేరు కూడా పెట్టాడు.

పోయినేడాది హోటల్ యజమాని డ్రమ్ములుండే మూలలో ఒక చేపల తొట్టి పెట్టించాడు. మంచి పెద్ద తొట్టి. చేపలు ఏమీ వాయించవు, కానీ చోటు మాత్రం డ్రమ్ముల కంటే ఎక్కువే తీసుకున్నాయి. ఇద్దరికీ జాగా చాలదు, మీరొక్కరే పాడగలరా అని యజమాని అడిగాడు. ఇద్దరం లేకపోతే కుదరదండీ అని ఒక్క మాట అనొచ్చు. యజమాని చెడ్డవాడు కాదు, తొట్టిని జరిపించేవాడే. ఇతను అన్న మాట వేరు. "ఫరవాలేదండీ. మా బావ కూడా ఈమధ్య బాగా స్లో అయిపోయాడు లెండి."

బావ అప్పుడు పక్కనే వంగి డ్రమ్ముల మరలు విప్పుతున్నాడు. విన్నాడో లేదో తెలియదు. మరలు విప్పడం మాత్రం ఆపలేదు.

డబ్బా కొన్నాక మొదటిరోజే అది రెండో చరణం దగ్గర జారింది. ఇతను మండిపడి దుకాణానికి తీసుకెళ్ళాడు. వాళ్ళు మారు మాట్లాడకుండా కొత్తది ఇచ్చారు. అదీ జారింది. మళ్ళీ వెళ్ళాడు. దుకాణంలో కళ్ళజోడు పెట్టుకున్న ఒక నెమ్మదస్తుడు పాడి చూపించమన్నాడు. పాత డబ్బా పెట్టి ఒకసారి, కొత్తది పెట్టి ఒకసారి పాడించుకుని, ఆ తర్వాత చాలాసేపు గుడ్డతో బల్ల తుడిచాడు.

"రెండూ ఒకే చోట తప్పుతున్నాయి సార్" అన్నాడు.

"అదేగా నేను చెప్పేది."

"అదే సార్. రెండూ ఒకే చోట." ఇంకాస్త బల్ల తుడిచి, "కంపెనీవాళ్ళకి రాస్తాను లెండి" అన్నాడు.

డబ్బా సంచిలో వేసుకుని ఇంటికి నడిచి వస్తుంటే సగం దారిలో అర్థమైంది. ఎత్తుగా పాడాల్సిన చోటు వచ్చేసరికి ఊపిరి చాలదేమోనని భయం. ఆ భయంతో ముందుకి ఉరుకుతాడు. ఇన్నేళ్ళూ అతను ఉరికిన ప్రతిసారీ బావ కూడా ఉరికి పక్కకి వచ్చేవాడు. వినేవాళ్ళకి ఏ తేడా తెలియదు. ఇతనికీ తెలియలేదు. కాస్త ఆలస్యంగా అందుకునేవాడు కాబట్టి బావే వెనకపడ్డాడనిపించేది. డబ్బా అలా రాదు. దానికి ఇతను అక్క తమ్ముడని తెలియదు.

ఆ రోజు నుంచీ బావతో ఒక మాట చెప్పాలని తిరుగుతున్నాడు. వెళ్ళిన ప్రతిసారీ ఏవో కబుర్లు పడేవి. ఈలోగా బావ గుండె అలిసిపోయింది. ఆసుపత్రిలో ఉంచి ఏం లాభం, ఇంటికి తీసుకెళ్ళమన్నారు డాక్టర్లు. ఇక ఆ మాట చెప్పడానికి ఎక్కువ రోజులు లేవు. ఈ మధ్యాహ్నం చెప్పి తీరాలి.

సాక్స్ దారం పంటితో తెంపి, గిటారు భుజానికేసుకుని, డబ్బాని సంచిలో పెట్టి బయల్దేరాడు.

అక్క ముందుగదిలో కుట్టుమిషను మీద ఎవరివో కర్టెన్లు కుడుతోంది. తమ్ముడు చెప్పులస్టాండు దగ్గర బూట్లు విప్పుతుంటే సాక్స్ వైపు చూసింది. అది కుట్టా, గాయమా అని అడిగింది. నాలుగు రోజులుగా బావ అన్నం సరిగా తినడం లేదనీ, నిద్రలో కూడా మంచం పట్టె మీద వేళ్ళతో కొడుతూనే ఉంటాడనీ, ఆ చప్పుడు వినబడుతుంటే తనకి ధైర్యంగా ఉంటుందనీ చెప్పింది. చెబుతూ మిషను చక్రం మీద చెయ్యి అలాగే ఉంచింది.

బావ వెనకగదిలో మూడు దిండ్లకి ఆనుకుని ఉన్నాడు. ఎప్పుడూ లావుగా ఉండే మణికట్లు ఇప్పుడు కర్రపుల్లల్లా ఉన్నాయి. చొక్కా అదే, మనిషే లోపల తగ్గాడు. గడ్డం మాత్రం శుభ్రంగా గీసి ఉంది, అక్క పని. మంచం పక్కన స్టూలు మీద మాత్రలు, నీళ్ళ గ్లాసు, దాని మీద మూతగా ఒక పాత సాసరు. సాసరు పక్కన చెంచా.

"నా సవతి ఎలా ఉందిరా?" అన్నాడు బావ, సంచి వైపు చూసి. డబ్బా కొన్నప్పటినుంచీ దానికి అదే పేరు.

"బాగానే ఉంది. అలగదు, తిండి అడగదు."

"వాదించదు కూడా. నీకు తగిన సంబంధం." నవ్వబోయి దగ్గాడు. ఊపిరి అందాక గుండె మీద చెయ్యి పెట్టుకుని, "ఇది కూడా నీ పాటలా తయారైంది. ఊరికే ముందుకి ఉరుకుతోంది" అన్నాడు.

అతను గిటారు పెట్టె కొక్కెం కేసి చూస్తూ కూర్చున్నాడు. అంటే బావకి తెలుసు. ఎప్పటినుంచో తెలుసు.

"మరి ఎప్పుడూ చెప్పలేదేం?"

"చెప్తే మీ అక్క దగ్గరికెళ్ళి ఏడ్చేవాడివి. ఆవిడ నాకు కూర వడ్డించేది కాదు."

"బావా, ఆ రోజు హోటల్లో ఓనరుతో నేను..."

"ఆ డబ్బా ఇటు తే" అన్నాడు బావ.

"ముందు నేను చెప్పేది విను."

"నీ మాటలు ఇన్నేళ్ళుగా వింటూనే ఉన్నాగా. తే ఇటు."

డబ్బాని బావ ఒళ్ళో పెట్టాడు. ఆ చిన్న మీట దేనికని అడిగితే, మనకి కావలసిన వేగంలో దాన్ని నాలుగుసార్లు తడితే డబ్బా ఆ వేగం పట్టుకుంటుందని చెప్పాడు. మళ్ళీ ఎవరైనా మార్చేదాకానో, కట్టేసేదాకానో అలాగే పట్టుకుని ఉంటుంది.

"గొడుగు పాట అందుకో" అన్నాడు బావ.

గొడుగు పాట అతని సొంతం. ఊళ్ళో కొందరికైనా గుర్తున్న పాట అదొక్కటే. గొడుగు మరిచి వచ్చావా, వాన మరిచి వెళ్ళిందా అని మొదలవుతుంది. గొంతు తగ్గించి పాడాడు. బావ కళ్ళు మూసుకుని కాసేపు విని, చూపుడువేలితో మీట తట్టాడు. ఎర్రదీపం ఆ వేగంలో వెలిగి ఆరడం మొదలుపెట్టింది.

"ఇంత నెమ్మదా? జనం నిద్రపోతారు బావా."

"పోనీ. లేచి ఇంకో కాఫీ తాగుతారు. ఓనరుకి లాభం." కళ్ళు తెరవకుండానే అన్నాడు. "నేను ఎప్పుడూ దీన్ని ఈ నడకలోనే మొదలుపెట్టేవాణ్ణి. నువ్వే లాక్కుపోయేవాడివి. ఇలా పాడితే ఆ రెండో చరణంలో నీకు ఊపిరి ఆడుతుంది. ఒక్కసారి ఆగి చూడు. కొంపేం మునగదు."

అతను మళ్ళీ నోరు తెరిచేలోగా బావ మొహం గోడ వైపు తిప్పుకున్నాడు. "కట్టేయకు దాన్ని, మర్చిపోతుంది. అలాగే తీసుకెళ్ళు. ఎలా పాడావో రేపొచ్చి చెప్పు."

కట్టేయకుండానే సంచిలో పెట్టుకున్నాడు. బస్సులో ఆ సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే, గుడ్డ లోంచి ఎర్రగా వెలుగుతూ ఆరుతూ ఉంది. పక్కసీటాయన ఒకసారి సంచిని చూశాడు, ఒకసారి ఇతని మొహం చూశాడు, లేచి వెనక్కి వెళ్ళి నిలబడ్డాడు. ముందుసీటావిడ పిల్లని తీసుకుని వెళ్ళిపోయింది. కాసేపట్లో బస్సులో సగం ఇతని ఒక్కడిదే అయింది. బావకి చెబితే ఎంత నవ్వుతాడో అనుకున్నాడు. రేపు ముందు ఇది చెప్పి, ఆ నవ్వులోనే అసలు మాట కూడా చెప్పేయాలి.

హోటల్లో దీపాలు వేసే వేళకి చేరాడు. వంటగది తలుపుకీ చేపల తొట్టికీ మధ్య ఉన్న సందే అతని స్టేజీ. తలుపు తెరుచుకున్నప్పుడల్లా వేడిగాలి వీపుకి తగులుతుంది. స్టూలు లాక్కుని, తీగలు కలిపి, కుడి బూటు విప్పి పక్కన పెట్టాడు. మామూలుగా గొడుగు పాట ఆఖర్న పాడతాడు. ఈరోజు వేరే పాట కోసం వేగం మార్చబుద్ధి కాలేదు. మొదటే ఎత్తుకున్నాడు.

మీట నొక్కాడు. డ్రమ్ములు మెల్లగా నడిచాయి. ఇంత నెమ్మదిగా పాడటం అంటే రద్దీ రోడ్డు మధ్యలో ఆగి చెప్పు సరిచేసుకున్నట్టుంది. రెండో చరణం దగ్గరపడింది. ఎప్పటిలాగే కాళ్ళ కింద భయం కదిలింది. బావ వేలు గుర్తొచ్చింది. ఆగాడు. ఆగిన ఆ కాస్త ఖాళీలో ఊపిరి తనంతట తనే వచ్చి గుండెల్లో కూర్చుంది. గొంతూ డ్రమ్మూ కలిసి పైకి వెళ్ళాయి. జారింది ఎవరూ లేరు.

కిటికీ దగ్గర బల్లవాళ్ళు చప్పట్లు కొట్టారు. టకటకా రెండుసార్లు నొక్కి ఆపాడు. రేపటిదాకా ఆగలేక ఫోను తీసి అక్కకి చేశాడు.

"అక్కా, బావకి ఇవ్వు ఫోను. కుదిరిందని చెప్పాలి."

 అవతల కుట్టుమిషను చప్పుడు లేదు.

"నేను కర్టెన్లు కుడుతున్నానురా. లోపల కొడుతూనే ఉన్నాడు. వినబడుతూనే ఉంది. దారం అయిపోతే మార్చుకుని మళ్ళీ చూద్దును కదా... వినబడలేదు."

అతను గిటారు పెట్టెలో పెట్టాడు. దాని కొక్కెం పడటానికి చాలాసేపు పట్టింది. యజమాని గల్లా దగ్గర్నుంచి లేచి వచ్చి, ఒక్క పాటకే లేచారేంటని అడిగాడు. బావ పోయాడని చెప్పాడు. యజమాని భుజం మీద చెయ్యి వేశాడు. మంచి మనిషి, ఏదో ఒక మంచి మాట అనాలి కదా.

"అయ్యో, ఆ డ్రమ్ములాయనా. పాపం, అప్పటికే ఒంట్లో బాగాలేదేమో సార్. బాగా స్లో అయిపోయారని మీరు అప్పుడే అన్నారు."

 ఇన్నాళ్ళూ ఈ హోటల్లో, ఈ మనిషి తలలో, బావ అలాగే ఉండిపోయాడు.

"లేదండీ" అన్నాడు. "ఆయన ఎప్పుడూ స్లో కాలేదు. ఒక్కరోజు కూడా. తాళం తప్పేది నేను. తప్పినప్పుడల్లా ఆయన వచ్చి పట్టుకునేవాడు. ఆ రోజు మీకు చెప్పింది అబద్ధం. పక్కనే ఉన్నాడండీ, విన్నాడు."

యజమాని భుజం మీది చెయ్యి తీసేశాడు. అలాగే సార్, వెళ్ళిరండి అన్నాడు. అతను గిటారు భుజానికేసుకుని, ఒక కాలికి బూటుతో, ఒక కాలికి సాక్స్‌తో రోడ్డు దాటి బస్సెక్కాడు.

మూలలో, తొట్టి పక్కన, విప్పిన బూటు అలాగే ఉంది. దాని పక్కన డబ్బా మీద ఎర్రదీపం, ఎవరూ మార్చలేదు కాబట్టి, బావ తట్టిన వేగంలోనే వెలుగుతోంది, ఆరుతోంది, ఏ తొందరా లేకుండా.